అసహనం ఎవరిది? స్వలింగ వివాహంపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో స్వలింగ వివాహాల చట్టబద్ధత గురించి వేసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పెళ్లి సంగతి పక్కనపెట్టి, దాని గురించి వాదులాడుకునేవారి ప్రవర్తన గురించే అడిగాయి. వ్యతిరేకించేవారు తమ మీద అసహనపరులనే ముద్ర వేస్తున్నారని నొచ్చుకున్నారు. సమర్థించేవారు తమను మనుషుల లెక్కలోనే వేయడం లేదని రాశారు. నాలుగు ఉత్తరాలను కుదించి ఇస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నేను ముప్ఫై ఏళ్లు జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు, "ఇద్దరు మగవాళ్లు కలిసి ఉంటామంటే ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు, కాని దాన్ని పెళ్లి అనడానికి మాత్రం నా మనసు ఒప్పదు, వేల ఏళ్లుగా మనకు పెళ్లి అంటే ఒకటే అర్థం" అని రాశాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు "మామయ్యా, మీది పచ్చి అసహనం" అని రాసి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఎదుటివాడి మాట వినలేక లేచిపోయినవాడిది అసహనమా, నెమ్మదిగా చెప్పిన నాదా? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: మాస్టారూ, మీ ఇద్దరిలో ఎవరిదీ అసహనమని నాకు అనిపించలేదు. మీది అయిష్టం, అతనిది చిరాకు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడానికి మన పత్రికా భాష కూడా కొంత కారణం. ఏ రోజు పేపరు తెరిచినా, అధికారుల తీరుపై మంత్రి అసహనం వ్యక్తం చేశారనో, పదేపదే వాయిదాలు అడుగుతున్న న్యాయవాదిపై హైకోర్టు అసహనం వ్యక్తం చేసిందనో ఒక వార్త ఉంటుంది. అక్కడ అసహనమంటే విసుగు. అదే పేపరు లోపలి పేజీలో మత అసహనం గురించి వ్యాసం ఉంటే, అక్కడ ఆ మాటకు ఎదుటివాణ్ణి బతకనివ్వకపోవడమని అర్థం. రెండింటికీ ఒకే మాట వాడుతూ పోతే విసుక్కున్న ప్రతివాడూ దుర్మార్గుడిగా కనిపిస్తాడు, నిజంగా దుర్మార్గం చేసినవాడు "కాస్త విసుక్కున్నాను, అంతే కదా" అని తప్పుకుంటాడు. ఓర్వలేనితనమని మనకు మరో మాట ఉంది గాని, అది పక్కవాడి బాగు చూసి కుళ్లుకోవడం గనుక ఇక్కడ పనికిరాదు.

సహనమనే మాటలో ఒక మెలిక ఉంది. నచ్చినదాన్ని ఎవరూ సహించరు, ఆనందిస్తారు, సహించవలసివచ్చేది నచ్చనిదాన్నే. స్వలింగ వివాహం మంచిదే అనుకునేవాడికి దాని విషయంలో సహనం చూపే సందర్భమే రాదు. తప్పనుకుంటూ కూడా "ఉండనివ్వండి" అన్న మీరు ఆ వాక్యంతోనే సహనం చూపారు. మీ మేనల్లుడు ఆ సగం వాక్యాన్ని చదవకుండా రెండో సగాన్ని పట్టుకున్నాడు. అది పొరపాటు. అయినా గ్రూపులోంచి వెళ్లిపోవడం మీ నోరు నొక్కడం కిందికి రాదు. మీరు రాసినది మిగతా బంధువులందరూ ఇప్పటికీ చదువుకోవచ్చు. వినకుండా లేచిపోయే స్వేచ్ఛ అతనికి ఉంది. మిమ్మల్ని గ్రూపులోంచి తీసేయించి, మీ ఇంట శుభకార్యానికి ఎవరూ వెళ్లకూడదని కట్టుబాటు చేసివుంటే అప్పుడు నా జవాబు వేరేగా ఉండేది.

గొంతు ఎంత పెద్దదైంది, మాట ఎంత కటువుగా ఉంది అని చూసి అసహనాన్ని తూచడం అందరికీ అలవాటు. ఆ త్రాసు మీద నాకు నమ్మకం పోయిన రోజు ఒకటి ఉంది. కొన్నేళ్ల కిందట మేముండే అపార్టుమెంటులో ఒక ఆదివారం ఉదయం సెల్లారులోని బళ్లన్నీ బయటికి నెట్టించి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, అసోసియేషన్ సమావేశం పెట్టారు. మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్న ఇద్దరు అమ్మాయిల సంగతి ఎజెండాలో చివరి అంశం. ఇద్దరూ ఉద్యోగస్తులు, మెయింటెనెన్స్ నెల మొదటి తారీఖునే కట్టేవారు, వాళ్ల మీద నీళ్ల గొడవ గాని పార్కింగ్ గొడవ గాని ఏనాడూ రాలేదు. వాళ్లు స్నేహితురాళ్లు మాత్రమే కాదని ఎవరికో అనుమానం వచ్చింది. ఆ సమావేశంలో ఒక్కరూ గొంతు పెంచలేదు, ఒక్క చెడ్డ మాట దొర్లలేదు, అసలు విషయాన్ని పేరు పెట్టి కూడా ఎవరూ అనలేదు. "పిల్లలున్న ఇళ్లు కదండీ" అన్నారు ఒకరు, "మన గేటు మీద ఫ్యామిలీలకు మాత్రమే అని బోర్డు ఉంది కదా" అన్నారు ఇంకొకరు. పేపరు కప్పుల్లో టీ వచ్చింది. తీర్మానాల పుస్తకానికి దారంతో కట్టిన పెన్నుతో అందరూ సంతకాలు చేశారు. వాటిలో నాదీ ఉంది. నెల తిరక్కుండానే ఒక ట్రాలీ ఆటోలో వాళ్ల ఫ్రిజ్జు, రెండు మడత మంచాలు, గ్యాస్ స్టవ్వు వెళ్లిపోయాయి. నేను చూసిన అసహనాలన్నింటిలోకి మర్యాదైనది అదే.

నా కొలత అప్పటినుంచి ఒకటే: ఎదుటి మనిషి తన అభిప్రాయం వల్లనో తన బతుకుతీరు వల్లనో ఏమి పోగొట్టుకోవలసి వస్తున్నది? ఇల్లా, కొలువా, చదువా, కన్నవాళ్ల గడపా, ఒంటి మీద దెబ్బా? లేక కాసేపటి పరువా? ఈ తేడా మన దగ్గర పాతదే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించడానికి ముందూ తరువాతా ఆయనకూ కొక్కొండ వెంకటరత్నం పంతులుకూ మధ్య పత్రికల్లో యుద్ధమే నడిచింది. వీరేశలింగం పత్రిక 'వివేకవర్ధని' ఒకవైపు, వెంకటరత్నం పత్రిక 'ఆంధ్రభాషాసంజీవని' మరొకవైపు. ఒకరినొకరు వెక్కిరించుకోవడంలో ఇద్దరూ తక్కువ తినలేదు, ఈనాటి వాట్సాప్ గ్రూపులు వాళ్ల ముందు దిగదుడుపే. ఆ తిట్లను అసహనమని నేను అనను. ఆ పెళ్లి జరిగిన ఇంటికి వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రాకుండా చేస్తే, వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసి, వచ్చినవారికి వండి పెట్టింది. అసహనం ఆ బిందెల బరువులో ఉంది.

ఇంత చెప్పిన తరువాత మీకు నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి. కలిసి ఉండనివ్వండి, పెళ్లి అనకండి అన్నది వినడానికి ఒక పేరు గురించిన తగువులాగా ఉంటుంది. కాని చట్టంలో ఆ పేరు వెనుకనే మిగతావన్నీ నడుస్తాయి. మీ పెన్షన్ మీ తరువాత మీ శ్రీమతికి వస్తుందంటే, మీరు వీలునామా రాయకుండా పోయినా మీ ఇంట్లో ఆమె వాటా చెక్కుచెదరదంటే, అదంతా పెళ్లి అనే ఆ ఒక్క మాట చలవే. మీ అభిప్రాయం మీ మనసులో ఉన్నంతవరకు అభిప్రాయమే, చట్టంగా మారితే ఎవరికో ఒక వాటా పోతుంది. మీ మేనల్లుడి వేడి బహుశా అక్కడినుంచి వచ్చివుంటుంది. అతని స్నేహితులలో అలాంటి జంట ఉందేమో మీకు తెలుసా?

ఇక "వేల ఏళ్లుగా పెళ్లి అంటే ఒకటే అర్థం" అన్నదానితో నేను ఏకీభవించలేను. మేనమామ కూతురిని చేసుకోవడం మనకు ముచ్చటైన సంబంధం. ఉత్తరాదిలో చాలాచోట్ల అది చెల్లెలిని చేసుకోవడంతో సమానం. 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిని నిషిద్ధ సంబంధాలలోనే చేర్చింది, ఆచారం ఉన్నచోట మాత్రం చెల్లుతుందని మినహాయింపు ఇచ్చింది. మన మేనరికాలన్నీ ఆ మినహాయింపు నీడన జరుగుతున్నవే. ప్రాచీన ధర్మగ్రంథమైన బౌధాయన ధర్మసూత్రం మొదట్లోనే ఈ తగవు ఉంది. దక్షిణాదివారి ఐదు వింత ఆచారాలలో మేనరికాన్ని, ఉత్తరాదివారి ఐదింటిలో సముద్రయానాన్ని లెక్కించి, ఎవరి దేశాచారం వారికి ప్రమాణమని అక్కడ రాసి ఉంది. గౌతముడనే మరో ధర్మసూత్రకారుడు ఆ మాట ఒప్పుకోలేదని కూడా ఆ పక్కనే రాసి ఉంది. ఎదుటిపక్షం వాదాన్ని కొట్టివేయకుండా పక్కన రాసిపెట్టిన ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. మీ మేనల్లుడికి ఫోను చేసి, గ్రూపు సంగతి ఎత్తకుండా, అతనికి కోపం ఎందుకు వచ్చిందో అడగండి.

ప్రశ్న: "రెండు వైపులా అసహనం ఉంది" అని పెద్దవాళ్లు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకవైపు ఉన్నవాళ్లు మా హక్కు అడుగుతున్నారు, రెండోవైపు ఉన్నవాళ్లు ఆ హక్కు లేదంటున్నారు. ఈ రెండూ సమానమెలా అవుతాయి? మమ్మల్ని కాదనేవాళ్లను మేము ఎందుకు గౌరవించాలి? (ఇంజినీరింగ్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: సమానం కావు. ఆ మాట మొదటే ఒప్పుకుంటాను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ప్రకారం స్వలింగ సంబంధానికి పదేళ్లదాకా గాని యావజ్జీవం గాని శిక్ష వేసే వీలుండేది. ఢిల్లీ హైకోర్టు 2009లో దాన్ని సడలిస్తే, సుప్రీంకోర్టు 2013లో ఆ తీర్పును కొట్టివేసి సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని తేల్చింది. ఈ జాప్యానికి చరిత్ర ఈ మనుషులకూ వాళ్ల కుటుంబాలకూ క్షమాపణ చెప్పుకోవాలని జస్టిస్ ఇందు మల్హోత్రా ఆ తీర్పులోనే రాశారు. ఒక పక్షానికి నూట యాభై ఏళ్లకు పైగా జైలు భయం ఉండి, రెండో పక్షానికి ఇటీవల కొంత మాటపడవలసిన అవస్థ వచ్చినప్పుడు, "ఇద్దరూ ఇద్దరే" అనడం త్రాసు పట్టుకోవడం రానివాడి మాట.

పెళ్లి విషయంలో 2023 అక్టోబరు 17న వచ్చిన తీర్పు మీకు తెలిసే ఉంటుంది. హైదరాబాదుకు చెందిన ఒక జంట, మరికొందరు వేసిన పిటిషన్లపై అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్లి చేసుకునే హక్కు ప్రాథమిక హక్కు కాదన్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని మార్చడం పార్లమెంటు పని అన్నారు. కలిసి జీవించే జంటలకు చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలా అన్నచోట ముగ్గురు కాదని, ఇద్దరు అవునని అన్నారు. పునఃసమీక్ష పిటిషన్లు 2025 జనవరిలో వీగిపోయాయి. విచారణ సమయంలో కేంద్రం ఈ కోరికను నగరాల్లోని ఉన్నతవర్గాల ఆలోచనగా వర్ణించింది. అభిప్రాయం చెప్పమన్నప్పుడు రాజస్థాన్, అస్సాంలతో పాటు మన ఆంధ్రప్రదేశ్ కూడా వ్యతిరేకమని రాసింది, మతపెద్దలను సంప్రదించామని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ అలా రాసిన ఏడాదిన్నరకే, 2024 డిసెంబరులో, మన హైకోర్టు ముందుకు వచ్చిన కేసు ఏమిటంటే, విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతులలో ఒకరిని తండ్రి నర్సీపట్నంలోని ఇంటికి తీసుకువెళ్లి బయటికి పంపకపోవడం. ఆమె మేజరు, ఎవరితో ఉండాలన్నది ఆమె ఇష్టం, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని ధర్మాసనం చెప్పింది. ఉన్నతవర్గాల ఆలోచన నర్సీపట్నందాకా ఎప్పుడు వెళ్లిందో కేంద్రమే చెప్పాలి.

అయితే మీ రెండో ప్రశ్నకు వచ్చేసరికి నేను మీ పక్కనుంచి కొంచెం జరగవలసివస్తున్నది. గౌరవించమని ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టలేరు. కాని నేను మాస్టారికి చెప్పిన కొలత మీకూ వర్తిస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2008లో స్వలింగ వివాహాన్ని నిషేధించే ప్రతిపాదనపై ఓటింగ్ పెట్టినప్పుడు, దానికి మద్దతుగా వెయ్యి డాలర్లు చందా ఇచ్చిన బ్రెండన్ ఐక్ అనే సాంకేతిక నిపుణుడు 2014లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా సంస్థకు అధిపతి అయ్యాడు. ఆరేళ్లనాటి చందా బయటికి తీసి దుమారం లేపితే, పదవి చేపట్టిన రెండు వారాలలోపే దిగిపోయాడు. అదే 2008లో పెళ్లి అంటే స్త్రీపురుషులదేనని చెప్పిన బరాక్ ఒబామా అధ్యక్షుడయ్యాడు, 2012లో మాట మార్చుకున్నప్పుడు మీ పక్షంవాళ్లే చప్పట్లు కొట్టారు. ఐక్ తన సంస్థలో ఎవరినైనా వేధించివుంటే పదవి ఊడటం న్యాయమే, అలాంటి ఆరోపణ ఏదీ రాలేదు. ఓటు వేసినందుకూ చందా ఇచ్చినందుకూ కొలువు పోవడం అసహనమే. అది పెద్ద సంస్థ అధిపతికి జరిగింది కాబట్టి ఎవరికీ జాలి కలగలేదు, రేపు చిన్న గుమాస్తాకు జరిగితే?

మీ పక్షం భాషలో నాకు నచ్చని అలవాటు మరొకటి ఉంది. కాదన్నవాడినల్లా హోమోఫోబియా ఉన్నవాడని అంటారు. ఫోబియా అంటే అకారణ భయం, అదొక రోగం పేరు. మీలాంటివారిని మానసిక రోగుల జాబితాలో పెట్టి, 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తీసేసేదాకా ఎంత నరకం చూపించారో మీకు తెలుసు. ఎదుటివాడికి జబ్బని ప్రకటించి వాదన ముగించే పద్ధతిని వాళ్ల దగ్గర మీరు అరువు తెచ్చుకోనక్కరలేదు. (మన పత్రికలకూ ఒక మాట: 'స్వలింగ సంపర్కులు' అని శీర్షికలు పెట్టి మనిషి మొత్తాన్ని పడకగదికి కుదించడం మానితే బాగుంటుంది. మిగతా దంపతులను మనం సంపర్కులనడం లేదు కదా.)

2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురి తేడాతో స్వలింగ వివాహాన్ని దేశమంతటా హక్కుగా ప్రకటించినప్పుడు, తీర్పు రాసిన జస్టిస్ కెనడీ, దీన్ని తప్పనుకునేవారిలో చాలామంది గౌరవించదగిన మత, తాత్విక కారణాలతోనే అలా అనుకుంటున్నారని, వారిని చులకన చేయడం లేదని రాశాడు. ఆ అభ్యంతరం చట్టమై రాజముద్ర పడినప్పుడే ఎదుటివారికి అవమానమవుతుందని ఆ వెంటనే అన్నాడు. గెలిచిన పక్షం తరఫున రాస్తూ ఓడినవారి మనసు గురించి అంత జాగ్రత్త పడటం అందరికీ చేతకాదు.

విజయవాడ పటమటలోని నాస్తిక కేంద్రానికి ఎప్పుడైనా వెళ్లారా? దాన్ని స్థాపించిన గోరా దేవుడు లేడన్న మనిషి, గాంధీ రామనామం జపించిన మనిషి. గోరా పెద్ద కుమార్తెకు దళిత యువకుడితో సేవాగ్రాంలో పెళ్లి జరిపించడానికి గాంధీ ఒప్పుకుని, ప్రమాణంలో దేవుడి పేరు ఉన్నచోట సత్యం అనే మాట ఉంచడానికి కూడా సరేనన్నాడు. 1948 జనవరిలో ఆయన హత్య జరిగినా, ఆ మార్చిలో పెళ్లి అనుకున్నచోటే జరిగింది. గాంధీ నాస్తికుడు కాలేదు, గోరా ఆస్తికుడు కాలేదు, తగువు తెగనేలేదు. పెళ్లి మాత్రం ఆగలేదు.

ప్రశ్న: గుంటూరులో పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో నడుపుతున్నాను. ఇద్దరు అబ్బాయిలు ఉంగరాలు మార్చుకునే చిన్న వేడుకకు రమ్మని అడిగారు. తేదీ ఖాళీగా ఉన్నా, వేరే పెళ్లి ఉందని అబద్ధం చెప్పాను. అది అసహనమేనా? మా పనివాళ్లలో ఇద్దరు రామని అన్నారు కూడా. (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: అబద్ధం చెప్పారంటే, చేసేది సరికాదని మీకే లోపల అనిపించిందన్నమాట. ఇలాంటి తగాదాలు విదేశాల్లో అత్యున్నత కోర్టులదాకా వెళ్లాయి, అక్కడ తేలినది ఒక్క తీరుగా లేదు. అమెరికాలోని కొలరాడోలో పెళ్లి కేకు చేయనన్న బేకరీ యజమాని 2018లో గెలిచాడు గాని, అతని మతం పట్ల రాష్ట్ర కమిషన్ చులకనగా వ్యవహరించిందన్న కారణం మీద గెలిచాడు. కొట్టువాడు ఎవరికైనా అమ్మనని అనవచ్చునా అన్న అసలు ప్రశ్న తేలలేదు. అదే ఏడాది బ్రిటన్ సుప్రీంకోర్టు, ఉత్తర ఐర్లండులోని బేకరీ 'స్వలింగ వివాహాన్ని సమర్థించండి' అనే నినాదం రాసిన కేకు చేయనక్కరలేదని ఏకగ్రీవంగా చెప్పింది. అక్కడ వారు కాదన్నది నినాదాన్ని, కొనవచ్చిన మనిషిని కాదు. ఈ గీత నాకు సబబుగా కనిపిస్తుంది. మిమ్మల్ని వాళ్లు నినాదం రాయమనలేదు, మీ స్టూడియో పేరుతో ప్రచారం చేయమనలేదు, ఫొటోలు తీయమన్నారు. దుకాణాల్లోకి రానివ్వడంలో మతం, కులం, లింగం చూడరాదని మన రాజ్యాంగం 15వ అధికరణలో ఉంది. లింగమనే మాటలో లైంగికత కూడా కలుస్తుందని 377వ సెక్షన్‌పై 2018లో వచ్చిన మన సుప్రీంకోర్టు తీర్పులో కొందరు న్యాయమూర్తులు వివరించారు. రామన్న పనివాళ్లను బలవంతపెట్టకండి, వచ్చేవాళ్లతో వెళ్లండి. అడ్వాన్సు మాత్రం అందరి దగ్గరా తీసుకున్నంతే తీసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. తనతో ఉండే అమ్మాయి స్నేహితురాలు కాదని, జీవితాంతం తనతోనే ఉంటానని పోయిన దసరాకు చెప్పింది. మావారు విజయవాడలో మంచి డాక్టరు ఉన్నాడట, చూపిద్దామంటున్నారు. సంక్రాంతికి ఇద్దరూ వస్తామంటున్నారు. రానిస్తే నేను ఒప్పుకున్నట్టేనా? ఒప్పుకోకపోతే నాది అసహనమంటారా? ఇద్దరికీ ఒకే గది ఇవ్వాలా? (కొరిటెపాడు, గుంటూరు)

జవాబు: అమ్మా, మొదట డాక్టరు సంగతి. ఇది జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే ప్రకటించింది. దీన్ని మారుస్తామని వైద్యం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల వైద్య మండళ్లకు తెలిపింది. కనుక చూపించుకోమని తీసుకువెళితే ఆ డాక్టరు మంచివాడైనపక్షంలో మిమ్మల్ని వెనక్కి పంపుతాడు. మందులు రాసి ఇచ్చాడంటే అతను మంచి డాక్టరు కాడు. మీవారికి ఈ ముక్క మీరే చదివి వినిపించండి.

ఒప్పుకోవడానికీ రానివ్వడానికీ చాలా దూరం ఉంది, ఆ దూరంలోనే మనమందరం బతుకుతున్నాము. మాట వినకుండా కులాంతర వివాహం చేసుకున్న కొడుకును మూడేళ్లు గడప తొక్కనివ్వక, మనవడు పుట్టాక బారసాలకు పిలిచిన ఇళ్లు మీ వీధిలోనే రెండు మూడు ఉంటాయి. అప్పటికి వాళ్లకు మనసులో నచ్చిందని కాదు, మూడేళ్లు వృథా అయ్యాయని తెలిసివచ్చింది. మీరు ఒప్పుకోలేకపోవడాన్ని నేను అసహనమనను. పండగకు రావద్దంటే, అమ్మాయి ఫోను లాక్కుంటే, ఆ రెండో అమ్మాయి ఇంటికి ఫోను చేసి వాళ్లను అల్లరిపెడితే, ఆస్తిలో వాటా లేదని బెదిరిస్తే అంటాను. అరిసెలు వడ్డిస్తూ ముభావంగా ఉండటం మీ హక్కు. ఆ ముభావాన్ని చూసి బాధపడటం ఆమె హక్కు.

మీ అమ్మాయికి రేపు ఆసుపత్రిలో అవసరం పడితే పక్కన ఉండేది ఆ రెండో అమ్మాయే గనుక, మీకు కొంత ధైర్యమిచ్చే సంగతి కూడా చెబుతాను. ఇలాంటివారు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికీ, తోడుగా ఉన్నవారిని నామినీగా రాసుకోవడానికీ ఎలాంటి అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. రేషన్ కార్డులో ఒకే ఇంటివారిగా చూడాలని కూడా రాష్ట్రాలకు చెప్పారు. పెళ్లికి గుర్తింపు రాలేదు, ఈ చిన్న చిన్న గళ్లలో మాత్రం పేరు రాసుకోవచ్చు.

ఇక గది సంగతి. అది మీ ఇల్లు. పెళ్లికాని జంట ఎవరు వచ్చినా మీ ఇంట్లో ఒకే గది ఇవ్వరనుకుంటే ఇదీ అంతే, అమ్మాయికి మీ గదిలో, ఆ అమ్మాయికి ముందు గదిలో మంచం వేయండి. అది మీ ఇంటి పద్ధతి, దానికి ఏ పేరూ పెట్టనక్కరలేదు. అది వాళ్లకు కష్టమనిపిస్తే అరండల్‌పేటలో ఏదైనా లాడ్జిలో దిగి, భోజనానికి ఇంటికి రావచ్చు. మీరూ అందుకు చిన్నబుచ్చుకోకూడదు. వచ్చాక గుమ్మంలో చెబితే మాత్రం గొడవవుతుంది. సంక్రాంతి రైళ్లకు టికెట్లు ముందే అయిపోతాయి కదా, వాళ్లు టికెట్లు తీసుకోకముందే ఫోనులో చెప్పండి. మాట్లాడేటప్పుడు ఆ రెండో అమ్మాయి పేరేమిటో అడగండి. మీ ఉత్తరం మొత్తంలో ఆ పేరు ఎక్కడా లేదు.